కిటికీ ఝాలర్లు ఇంట్లోనే కుట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో మా వీధిలో ఎవరు గృహప్రవేశం చేసినా, సంక్రాంతికి ముందు ఇల్లు దులిపి కర్టెన్లు మార్చినా, నన్ను అడిగే సందేహాలు దాదాపు ఒకటే. గుంటూరులో ఉన్న మా చెల్లెలు కూడా ఫోనులో అవే అడుగుతుంది. ప్రతిసారీ టేపు పట్టుకుని చెప్పిందే చెప్పే బదులు, అడిగినవారి మాటల్లోనే ప్రశ్నలను పెట్టి, పని జరిగే వరుసలో ఇక్కడ రాసి ఉంచాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది కనుక మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్ళవచ్చు.

## మొదలుపెట్టే ముందు

ఝాలరు అంటే ఏమిటి? పెల్మెట్ అన్నా ఇదేనా?

కిటికీ పైభాగంలో అడ్డంగా, తక్కువ పొడవుతో వేలాడే అలంకరణ గుడ్డను ఝాలరు అంటున్నాను. కర్టెన్ల దుకాణాల్లో దీనిని వ్యాలెన్స్ అనీ, కొందరు ఫ్రిల్లు అనీ అంటారు. పెల్మెట్ అంటే నిజానికి కర్టెను రాడ్డును కప్పడానికి చెక్కతోనో ప్లైవుడ్‌తోనో చేసే పెట్టె. అయితే మన వైపు రెండింటినీ పెల్మెట్ అనే పిలవడం వల్ల, గుడ్డ కావాలని వెళ్ళినవారికి వడ్రంగి ఫోను నంబరు చేతికి రావడం నేను చూశాను. దుకాణంలో “గుడ్డతో కుట్టే ఝాలరు” అని విడమరిచి చెప్పడం మేలు.

ఝాలరు పెడితే గదిలో వెలుతురు తగ్గదా?

కొంత తగ్గుతుంది, కానీ ఎంత తగ్గాలన్నది మీ చేతిలోనే ఉంది. రాడ్డును కిటికీ చట్రం మీద కాకుండా దానికి 4 నుంచి 6 అంగుళాల పైన గోడకు బిగిస్తే, ఝాలరులో సగభాగం గోడ మీదే పడి, అద్దం మీదికి వచ్చేది కొద్దిపాటి గుడ్డే అవుతుంది. పడమటి కిటికీలకు మాత్రం ఆ కొద్ది నీడా మే నెలలో మేలే చేస్తుంది. ఇప్పటికే చీకటిగా ఉండే చిన్న గదికి, పక్క అపార్ట్‌మెంటు గోడ అడ్డంగా ఉన్న కిటికీకి ఝాలరు పెట్టవద్దనే నా సలహా.

మా కిటికీ రెక్కలు లోపలికి తెరుచుకుంటాయి. అయినా పెట్టుకోవచ్చా?

రెక్కల పై అంచుకు ఝాలరు తగలకుండా ఉంటేనే పెట్టుకోవాలి. నేను మొదటిసారి కుట్టిన ఝాలరుకు ఈ సంగతే మరచిపోయాను. పాత ఇంట్లో టేకు రెక్కల కిటికీకి ఎంతో ముచ్చటగా బిగించి, మర్నాడు ఉదయం రెక్క తెరవబోతే దాని మూల గుడ్డలోకి దూరి, కుచ్చిళ్ళతో సహా రాడ్డు ఒకవైపు ఊడి కింద పడింది. రెక్కలు లోపలికి తెరుచుకునే చోట ఝాలరు కింది అంచు రెక్క పై అంచుకన్నా కనీసం ఒక అంగుళం ఎత్తులో ముగియాలి. అంత జాగా గోడ మీద లేకపోతే ఆలోచన మానుకోవడమే మంచిది. పక్కకు జరిగే యూపీవీసీ, అల్యూమినియం కిటికీలకూ, బయటికి తెరుచుకునే రెక్కలకూ ఈ ఇబ్బంది లేదు.

నాకు కుట్టుపని అంతంతమాత్రమే వచ్చు. ఏ రకంతో మొదలుపెట్టాలి?

రాడ్డు దూర్చే గొట్టం ఉండి, కుచ్చిళ్ళు తమంతట తామే పడే సాదా ఝాలరుతో మొదలుపెట్టండి. దానిలో ఉన్నవన్నీ తిన్నని కుట్లే, కుట్టు కొంచెం వంకరపోయినా కుచ్చిళ్ళలో కలిసిపోతుంది. తరువాత వెడల్పు మడతల బాక్స్ ప్లీటు, ఆ తరువాత అర్ధచంద్రాకారపు అంచు, చివరికి ఊయలలా జారే స్వాగ్ అనే వరుస నాకు సరైనదిగా తోస్తుంది. స్వాగ్ ఫొటోలో ఎంత తేలికగా కనిపిస్తుందో చేతిలో అంత మొండికేస్తుంది.

మిషను లేకుండా చేత్తో కుట్టవచ్చా?

కుట్టవచ్చు. రెట్టపోగు దారంతో వెనక్కి తిప్పి వేసే కుట్టు వేస్తే ఒక కిటికీకి రెండు మధ్యాహ్నాలు పడుతుంది. బరువు మోసే రాడ్డు గొట్టం కుట్టును మాత్రం రెండు వరుసలు వేయండి.

వంటగది కిటికీకి పెట్టవచ్చా?

పొయ్యి పక్కన, పొయ్యి మీదుగా ఉన్న కిటికీకి వద్దు. మంట అంటుకునే ప్రమాదం ఒకటి, పోపు జిడ్డు పట్టి నెలలోపే గుడ్డ బంకగా మారడం రెండవది. సింకు మీద ఉన్న కిటికీకైతే 8 అంగుళాలకు మించని నూలు ఝాలరు పెట్టుకోవచ్చు. వేడికి కరిగే పాలిస్టరు అక్కడ అసలే పనికిరాదు.

## కొలతలు

కొలత ఎక్కడి నుంచి ఎక్కడికి తీసుకోవాలి?

కిటికీని కాదు, రాడ్డును కొలవాలి. రాడ్డు కిటికీకి రెండు వైపులా కనీసం మూడేసి అంగుళాలు బయటికి ఉండాలి, ఆ పొడవుకు బ్రాకెట్టు గోడనుంచి ఎంత ముందుకు పొడుచుకు వచ్చిందో ఆ దూరాన్ని రెండు వైపులా కలపాలి. ఈ పక్క కొలతను వదిలేస్తే ఎదురుగా నిలబడ్డవారికి ఝాలరు నిండుగానే కనిపించినా, పక్కన సోఫాలో కూర్చున్నవారికి బ్రాకెట్టు, మేకులు, వెనక గోడ అన్నీ కనిపిస్తాయి. టైలరు మెడలో వేసుకునే మెత్తని టేపు కాలక్రమంలో సాగుతుంది కనుక, గోడ కొలతకు వడ్రంగి వాడే స్టీలు టేపునే వాడండి.

ఝాలరు ఎంత కిందికి దిగాలి?

కింద కర్టెను కూడా ఉంటే, రాడ్డు నుంచి కర్టెను కింది అంచు వరకు ఉన్న పొడవులో అయిదో వంతు నుంచి ఆరో వంతు వరకు ఝాలరు ఉంటే కంటికి ఇంపుగా ఉంటుంది. 7 అడుగుల కర్టెనుకు అది 14 నుంచి 17 అంగుళాలవుతుంది. కర్టెను లేని 4 అడుగుల ఎత్తు కిటికీకి 10 నుంచి 12 అంగుళాలు చాలు. లెక్కను గుడ్డిగా నమ్మకుండా, పాత దినపత్రికలను ఆ కొలతకు మడిచి, టేపుతో గోడకు అంటించి, ఒక పూట ఉంచి చూడండి. రెండు అంగుళాల తేడా కాగితం మీద ఏమీ కాదు కానీ గోడ మీద చాలా ఉంటుంది.

4 అడుగుల కిటికీకి ఎన్ని మీటర్ల గుడ్డ పడుతుంది?

అందరూ అడిగే ప్రశ్న ఇదే కనుక పూర్తి లెక్క చూపిస్తాను. కిటికీ వెడల్పు 48 అంగుళాలు అనుకుందాం. రెండు వైపులా మూడేసి అంగుళాలు కలిపితే రాడ్డు 54 అంగుళాలు, బ్రాకెట్టు లోతు మూడేసి అంగుళాలు కలిపితే మొత్తం 60 అంగుళాలు. కుచ్చిళ్ళు నిండుగా పడాలంటే దీనికి రెట్టింపు, అంటే 120 అంగుళాల గుడ్డ కావాలి, రెండు చివరల మడతకు రెండేసి అంగుళాలు చేరిస్తే 124 అవుతుంది. పన్నా, అంటే గుడ్డ అడ్డపు వెడల్పు, 44 అంగుళాలున్న గుడ్డలో మూడు ముక్కలు అతికితే 132 అంగుళాలు వస్తాయి, రెండు అతుకుల దగ్గర అంగుళం చొప్పున పోగా 130 మిగులుతాయి, కాబట్టి మూడు ముక్కలు సరిపోతాయి.

ఇక ఒక్కో ముక్క ఎత్తు. పై అంచు నుంచి కింది అంచు వరకు 14 అంగుళాల ఝాలరు కావాలంటే, రాడ్డుకు పైన నిలబడే చిన్న ఫ్రిల్లు వెనక పొరకు 1 అంగుళం, రాడ్డు గొట్టం వెనక పొరకు రెండుంపావు అంగుళాలు, లోపలికి తిప్పే మడతకు అర అంగుళం, కింది అంచు రెట్టమడతకు 2 అంగుళాలు కలపాలి. మొత్తం 19 ముప్పావు, అంటే 20 అంగుళాలు అనుకోండి. మూడు ముక్కలకు 60 అంగుళాలు, ఒకటిన్నర మీటరు పైచిలుకు. తడిపితే కుదించుకుపోయేదీ, దుకాణంలో వంకరగా కోసి ఇచ్చేదీ కలుపుకుని 1.75 మీటర్లు కొనండి. పన్నా 36 అంగుళాలే అయితే నాలుగు ముక్కలు కావాలి, అప్పుడు రెండుంపావు మీటర్లు తీసుకోవాలి.

పూల డిజైను గుడ్డకు ఎక్కువ పడుతుందని షాపులో అన్నారు. అమ్ముకోవడానికి చెప్పిన మాటేనా?

కాదు, నిజమే చెప్పారు. పెద్ద పూలు, ఏనుగులు, నెమళ్ళ వంటి బొమ్మలు ప్రతి ముక్కలోనూ ఒకే ఎత్తులో రావాలంటే, ఒక బొమ్మ మొదలు నుంచి మళ్ళీ అదే బొమ్మ వచ్చేదాకా ఉన్న దూరాన్ని కొలిచి, ప్రతి ముక్కనూ ఆ దూరపు లెక్కలోనే కోయాలి. ఆ దూరం 24 అంగుళాలైతే 20 అంగుళాల ముక్క చాలినా 24 అంగుళాలు కోయవలసిందే, మూడు ముక్కలకు 12 అంగుళాలు అదనంగా పోతాయి. చిన్న బుటీలకు, సన్నని చుక్కలకు ఈ పట్టింపు అక్కరలేదు.

ఒకే గదిలో రెండు కిటికీలు వేర్వేరు ఎత్తుల్లో ఉన్నాయి. ఏం చేయాలి?

రాడ్లు రెండింటినీ నేల నుంచి ఒకే ఎత్తులో బిగించి, ఝాలర్లను ఒకే పొడవులో కుట్టండి. తలుపులు, కిటికీల మీద ఉండే కాంక్రీటు దూలాలు, అంటే లింటెళ్ళు, చాలా ఇళ్ళలో దాదాపు 7 అడుగుల ఎత్తున ఒకే వరుసలో ఉంటాయి కనుక ఆ వరుసనే ఆధారంగా తీసుకోవచ్చు. పొట్టి కిటికీ పైన కొంత గోడ గుడ్డ వెనక దాగుతుంది, ఎవరూ గమనించరు.

## గుడ్డ ఎంపిక

ఏ గుడ్డ బాగుంటుంది?

చేత్తో పట్టి కుచ్చిళ్ళు పెట్టి చూస్తే నిలబడేది, వదిలితే మెత్తగా జారేది ఝాలరుకు తగిన గుడ్డ. మధ్యస్థమైన మందం ఉన్న నూలు, నూలు-నార కలిసిన గుడ్డ, కర్టెన్ల కోసమే నేసిన పాలిస్టరు మిశ్రమం మూడూ పనికివస్తాయి. కుచ్చిళ్ళ ఝాలరుకు వెల్వెట్టు వంటి బరువైన గుడ్డ తీసుకుంటే ముద్దలా తయారవుతుంది, అది మడత లేని చదును ఝాలరుకే బాగుంటుంది. నెట్టు, ఆర్గంజా చూడటానికి హాయిగా ఉంటాయి కానీ ఫ్యాను గాలికి ఎగిరి గ్రిల్లులో చిక్కుకుంటాయి. మన ఊళ్ళ ఉక్కపోతకు, దుమ్ముకు నెలల తరబడి కిటికీ మీద ఉండే గుడ్డ ఉతకడానికి తేలికగా ఉండాలన్నదే నా మొదటి షరతు. అందుకే నా ఓటు నూలుకే.

మంగళగిరి, కలంకారీ గుడ్డలు ఝాలరుకు వాడవచ్చా?

నిరభ్యంతరంగా వాడవచ్చు. విజయవాడకూ గుంటూరుకూ మధ్యలో ఉన్న మంగళగిరి నేతలో ఒంటిమీద డిజైను లేని సాదాతనం, అంచున జరీ గీతలు ఉంటాయి. నిజాం అంచు అని పిలిచే ఆ అంచును ఝాలరు కింది వరుసగా వాడితే విడిగా లేసు కుట్టే పనే ఉండదు. పెడన, మచిలీపట్నాల అచ్చు కలంకారీ అయితే మడత లేని చదును ఝాలరుకు వాడండి. కుచ్చిళ్ళు పెడితే అచ్చులో ఉన్న అందమంతా మడతల్లోకి పోతుంది. సహజ రంగుల కలంకారీని నేరుగా ఎండపడే కిటికీకి కట్టకుండా, ఉత్తరపు కిటికీకి పెట్టుకుంటే రంగు ఎక్కువ కాలం నిలుస్తుంది.

పాత చీరతో కుట్టవచ్చా?

ఝాలరుకు చీరను మించిన గుడ్డ లేదని నా అభిప్రాయం. కారణం లెక్కలోనే ఉంది. అయిదున్నర మీటర్ల చీర అంటే 216 అంగుళాల ఏక గుడ్డ. 54 అంగుళాల రాడ్డుకు రెట్టింపు కుచ్చిళ్ళతో కావలసింది 124 అంగుళాలు కనుక, చీరను పొడవు వెంట చీల్చితే ఒక్క అతుకు కూడా లేకుండా ఝాలరు వస్తుంది. నేసిన అంచే కింది అంచు అవుతుంది కనుక కింద మడత కుట్టనక్కరలేదు. అందువల్ల 14 అంగుళాల ఝాలరుకు 18 అంగుళాల పట్టీ చాలు. రెండు అంచుల నుంచి రెండు పట్టీలు తీస్తే రెండు కిటికీలకు సరిపోయి, మధ్యలో మిగిలిన సన్నని పట్టీ కర్టెన్లను పక్కకు కట్టే పట్టీలకు వస్తుంది.

మా అమ్మ కట్టిన ముదురాకుపచ్చ మంగళగిరి చీర ఒకటి కుచ్చిళ్ళ దగ్గర చిరుగు పట్టి ఏళ్ళ తరబడి బీరువాలో ఉండిపోయింది. దాన్ని పరిచి, చిరుగు ఎంతవరకు ఉందో గుండుసూదులతో గుర్తు పెట్టుకుంటే, పమిట వైపు 3 మీటర్లకు పైగా గట్టి గుడ్డ దొరికింది. ఇప్పుడు అది మా ముందుగది కిటికీ మీద ఉంది. సాయంత్రం ఎండ వాలినప్పుడు జరీ గీత ఒక్కటే కాసేపు మెరుస్తుంది.

కోసేముందు ఒక పరీక్ష చేయండి. గుడ్డను రెండు బొటనవేళ్ళ మధ్య పట్టి గట్టిగా లాగినప్పుడు పోగులు విడిపోయినా, వెలుతురుకు ఎత్తి పట్టినప్పుడు సన్నబడిన గీతలు కనిపించినా ఆ చీర కిటికీ ఎండకు తట్టుకోదు. పాత పట్టుచీరలు మడతల వెంట చిట్లుతాయి కనుక వాటికి వెనక నూలు లైనింగు తప్పనిసరి.

కుట్టేముందు గుడ్డను తడపాలా?

నూలు గుడ్డనైతే తడిపి, నీడలో ఆరబెట్టి, ఇస్త్రీ చేసిన తరువాతే కత్తెర పట్టాలి. గుడ్డ నూటికి 5 వంతులు కుదించుకుపోతే 20 అంగుళాల ముక్కలో ఒక అంగుళం పోతుంది. ఒక పండుగ ముందు తొందరలో నేను తడపకుండానే కుట్టాను, పైగా వెనక పాలిస్టరు లైనింగు వేశాను. మొదటి ఉతుకుకు నూలు ముడుచుకుంది, పాలిస్టరు మాత్రం అలాగే ఉంది. ముందు గుడ్డ కింద నుంచి లైనింగు లోపలి లంగాలా కనిపిస్తుంటే, వచ్చిన బంధువులు మర్యాదకు ఏమీ అనలేదు. లైనింగు కూడా నూలుదైతే దాన్ని కూడా విడిగా తడపండి.

లైనింగు తప్పనిసరా?

కాదు. కుచ్చిళ్ళ ఝాలరుకు గుడ్డ మరీ పలచనైతే తప్ప అవసరం లేదు. మడత లేని చదును ఝాలరుకు, అర్ధచంద్రాకారపు అంచుకు, ముదురు రంగు గుడ్డకు, పాత చీరకు వేయడం మంచిది. తెలుపు లేదా మీగడ రంగు లైనింగు వేస్తే ఎండ ముందుగా దానిమీదే పడుతుంది, బయట వీధిలో నుంచి చూసేవారికి ఇంటి కిటికీలన్నీ ఒకే రంగులో కనిపిస్తాయి.

గుడ్డ ఎక్కడ కొనాలి?

విజయవాడ వన్‌టౌన్‌లోని వస్త్రలత ప్రాంతం టోకు వ్యాపారానికి పేరు, ఇంటి కిటికీలన్నింటికీ ఒకేసారి కొనేవారికి అది లాభం. ఒకటి రెండు మీటర్ల కోసమైతే బీసెంట్ రోడ్డు, గుంటూరులో పట్నంబజారు వైపు తిరగండి. చేనేతకు ఆప్కో దుకాణాలు, నేరుగా మంగళగిరి ఉన్నాయి. ఎక్కడికి వెళ్ళినా సోఫా కుషను గలీబు ఒకటి సంచిలో వేసుకుని వెళ్ళండి, ట్యూబులైటు వెలుగులో కాకుండా దుకాణం గుమ్మం దగ్గర పగటి వెలుతురులో రంగు సరిపోల్చండి.

## కోత, కుట్టు

గుడ్డను తిన్నగా కోయడం ఎలా?

నూలు గుడ్డలో అడ్డపు పోగు ఒకదాన్ని గుండుసూదితో పైకి లేపి మెల్లగా లాగితే, గుడ్డ వెడల్పంతా సన్నని దారి పడుతుంది. ఆ దారి వెంట కత్తెర నడిపితే వంకర రాదు. అచ్చువేసిన గుడ్డలో ఒక్కోసారి అచ్చే వంకరగా ఉంటుంది. అప్పుడు పోగును కాక అచ్చునే అనుసరించి కోయండి, ఎందుకంటే కంటికి కనిపించేది అదే.

రాడ్డు గొట్టం ఉన్న కుచ్చిళ్ళ ఝాలరు కుట్టే వరుస ఏమిటి?

ముందు ముక్కలను మంచివైపులు కలిపి అర అంగుళం లోపల అతికి, పోగులు లేవకుండా జిగ్‌జాగో ఇంటర్‌లాకో చేయించండి. రెండు చివరలనూ అంగుళం, మళ్ళీ అంగుళం మడిచి కుట్టండి. కింది అంచునూ అలాగే రెట్టమడత వేసి కుట్టండి. చివరగా పై అంచును అర అంగుళం లోపలికి ఇస్త్రీతో మడిచి, ఆపైన మూడుంపావు అంగుళాలు వెనక్కి తిప్పి గుండుసూదులు పెట్టండి. ఆ మడత కింది అంచు వెంట ఒక కుట్టు, దానికి రెండుంపావు అంగుళాల పైన ఇంకొక కుట్టు వేస్తే, రెండింటి మధ్య రాడ్డు గొట్టం, దానికి పైన అంగుళం ఎత్తు ఫ్రిల్లు ఏర్పడతాయి. ఈ కొలత అంగుళం మందం ఉన్న రాడ్డుకు సరిపోతుంది. మీ రాడ్డు మరింత లావైతే పేలిక గుడ్డతో ఒక చిన్న గొట్టం కుట్టి, రాడ్డు సునాయాసంగా దూరుతోందో లేదో చూసుకున్న తరువాతే అసలు గుడ్డ జోలికి వెళ్ళండి.

మామూలు నూలుకు 14 నంబరు సూది, మందపు గుడ్డకు 16 నంబరు సూది వాడాలి. ఎండకు నూలు దారం త్వరగా పిగులుతుంది కనుక పాలిస్టరు దారం మంచిది. ప్రతి మడతనూ కుట్టేముందు ఇస్త్రీ చేయండి. ఇంట్లో కుట్టినదానికీ దుకాణంలో కుట్టినదానికీ తేడా చాలావరకు ఇస్త్రీ పెట్టె దగ్గరే వస్తుంది.

అతుకు సరిగ్గా నడిమధ్యన కనిపిస్తోంది. ఎలా తప్పించాలి?

కుచ్చిళ్ళ ఝాలరులో అతుకు మడతల్లో దాగుతుంది కనుక బెంగ లేదు. చదును ఝాలరులో రెండు ముక్కలను నేరుగా అతకకూడదు. పూర్తి పన్నా ముక్కను మధ్యలో ఉంచి, రెండవ ముక్కను నిలువునా రెండుగా కోసి ఇరువైపులా అతకాలి. అప్పుడు రెండు అతుకులూ సమదూరంలో పడి, అవి డిజైనులో భాగమే అనిపిస్తాయి.

బాక్స్ ప్లీట్లు సమానంగా రావడం లేదు. కిటుకు ఏమైనా ఉందా?

ముందువైపు 54 అంగుళాలు ఉంటే 6 అంగుళాల ముఖం గల ప్లీట్లు తొమ్మిది వస్తాయి. ఒకదానికొకటి ఆనుకుని ఉండే ప్లీట్లకు మూడింతల గుడ్డ, అంటే 162 అంగుళాలు కావాలి, పక్క కొలతలు, చివరి మడతలు దీనికి అదనం. గుడ్డ వెనకవైపు సుద్దతో 6 అంగుళాల ముఖం, 12 అంగుళాల లోపలి మడత అనే వరుసలో గుర్తులు పెట్టండి. 12 అంగుళాల భాగం రెండు కొసల గుర్తులను కలిపి పై అంచు దగ్గర మూడు అంగుళాలు నిలువుగా కుట్టండి. వెనక సంచిలా ఏర్పడిన గుడ్డను కుట్టు మీదికి రెండు వైపులా సమంగా అదిమి ఇస్త్రీ చేస్తే ప్లీటు తానే నడిమికి కూర్చుంటుంది. మడిచి గుండుసూదులు పెట్టే పద్ధతికన్నా ఇది నమ్మకమైనది. అతుకులు లోపలి మడతలో పడేలా చూసుకోవడం మరచిపోకండి.

అర్ధచంద్రాకారపు అంచు ఎలా గీయాలి?

వంటింట్లోని కంచం చాలు. 54 అంగుళాల ముందుభాగాన్ని తొమ్మిదేసి అంగుళాలుగా ఆరు భాగాలు చేసి, అట్ట మీద 9 అంగుళాల గీత గీసి, దాని రెండు కొసలకూ తగిలేలా కంచం పెట్టి వంపు గీయండి. ఆ అట్టను కోసి, దాన్నే అచ్చుగా జరుపుతూ లైనింగు మీద గీసుకోండి. అసలు గుడ్డ, లైనింగు మంచివైపులు ఎదురెదురుగా పెట్టి, గీత మీదే కుట్టి, పావు అంగుళం వదిలి కోయండి. వంపు వెంట అంగుళానికొకటి చొప్పున చిన్న త్రికోణపు గాట్లు తీయాలి. రెండు వంపులు కలిసే మూలలో కత్తెర మొన కుట్టుదాకా వెళ్ళాలి కానీ కుట్టును తాకకూడదు. ఆ మూల గాటు పెట్టకపోవడం వల్లనే తిరగేసినప్పుడు అంచు ముడతలు పడుతుంది.

స్వాగ్ ఊయలలా అందంగా జారడం లేదు, బిగుసుకుపోయి నిలబడుతోంది. తప్పు ఎక్కడ?

గుడ్డను నిలువు పోగు వెంట కోసి ఉంటారు. స్వాగ్‌ను క్రాసుగా, అంటే పోగులకు ఏటవాలుగా కోస్తేనే గుడ్డ సాగి మెత్తగా వాలుతుంది. జారిన తరువాత కనిపించే లోతుకు కనీసం రెండింతల గుడ్డ లోతులో ఉండాలి. కొలతలు పుస్తకంలో చూసి కోయవద్దు. ఒక పాత పంచెను రాడ్డు మీద గుండుసూదులతో వేలాడదీసి, మడతలు నచ్చే వరకు సర్ది, అంచుల వెంట పెన్సిలుతో గీసి, ఆ పంచెనే అచ్చుగా కోసి వాడుకోండి.

లేసు, కుచ్చులు, ముత్యాలు కుట్టవచ్చా?

కింది అంచుకు ఒక వరుస లేసు చాలు. ముత్యాలు, గంటలు ఫ్యాను గాలికి రాత్రంతా అద్దాన్ని కొడతాయి, పడకగదిలో అది భరించలేరు.

## బిగించడం

గోడలో స్క్రూ దిగడం లేదు. ఏం చేయాలి?

కిటికీకి సరిగ్గా పైన కాంక్రీటు లింటెల్ ఉంటుంది, ఇటుకలో దిగినట్లు మామూలు డ్రిల్లు దానిలో దిగదు. హ్యామర్ డ్రిల్లుతో రంధ్రం చేసి, ప్లాస్టిక్ ప్లగ్గు పెట్టి స్క్రూ బిగించాలి. బిట్టు గట్టిగా ఇనుముకు తగిలినట్లు ఆగిపోతే లోపలి కమ్మీ తగిలిందని అర్థం, బలవంతం చేయకుండా అంగుళం పక్కకు జరగండి. కిటికీ దగ్గర స్విచ్చుబోర్డు ఉంటే దాని నుంచి నిట్టనిలువుగా పైకి తీగలు వెళ్ళి ఉండవచ్చు, ఆ దారిలో డ్రిల్లు పెట్టవద్దు.

అద్దె ఇల్లు, గోడకు మేకు కొట్టనివ్వరు. దారి ఉందా?

కిటికీ గూడులో ఇరువైపులా గోడలు ఉంటే, లోపల స్ప్రింగు ఉండి తనంతట తాను బిగుసుకునే రాడ్డు సరిపోతుంది. మేకు అక్కరలేదు. లేకపోతే ఇప్పటికే ఉన్న కర్టెను రాడ్డుకే ఝాలరును ఎక్కించి, కింద కర్టెన్లు లేకుండా వదిలేయవచ్చు.

కర్టెను, ఝాలరు రెండూ ఒకే రాడ్డు మీద వేయవచ్చా?

వేయవచ్చు కానీ కర్టెను పక్కకు జరపబోతే ఝాలరు కూడా కదులుతుంది. రోజూ కర్టెను తెరిచే కిటికీకి, రెండు రాడ్లు పట్టే జంట బ్రాకెట్టు తీసుకుని, ముందు రాడ్డుకు ఝాలరు, వెనక రాడ్డుకు కర్టెను వేయండి.

పొడవైన కిటికీకి రాడ్డు మధ్యలో కుంగుతోంది.

5 అడుగులు దాటిన రాడ్డుకు మధ్యలో ఇంకొక బ్రాకెట్టు ఉండాలి. అది ఝాలరు గొట్టానికి అడ్డం వస్తుందని భయపడవద్దు. గొట్టం వెనక పొరలో మాత్రమే చొక్కా బొత్తాం కాజా వంటి గాటు కోసి అంచులు కుట్టేస్తే బ్రాకెట్టు ఆ గాటులో ఇమిడిపోతుంది, ముందు నుంచి ఏమీ కనిపించదు.

## వాడకం, ఉతకడం

ఎన్నాళ్ళకొకసారి ఉతకాలి?

రోడ్డు వైపు కిటికీలవి రెండు మూడు నెలలకు, లోపలి వైపువి ఆరు నెలలకు. మధ్యలో వారానికొకసారి పొడి బ్రష్షుతో పై ఫ్రిల్లు దులపండి, దుమ్మంతా అక్కడే కూర్చుంటుంది. చల్లటి నీటిలో నానబెట్టి, పిండకుండా, నీరు కారేలా ఆరేసి, కాస్త చెమ్మగా ఉండగానే ఇస్త్రీ చేయండి. నూలు ఝాలరుకు పలచని గంజి పెడితే కుచ్చిళ్ళు నిలబడతాయి, అయితే వానాకాలంలో గంజి పెట్టిన గుడ్డ చెమ్మకు బూజు పడుతుంది కనుక ఆ నెలల్లో మానేయండి.

జరీ అంచును ఎలా కాపాడాలి?

జరీ మీద ఇస్త్రీ పెట్టెను నేరుగా ఆనించకుండా, పైన పలచని నూలు గుడ్డ పరిచి, తక్కువ వేడితో రుద్దండి. బ్రష్షు పెట్టి ఉతకవద్దు.

రంగు వెలిసిపోతోంది. ఏమైనా చేయగలమా?

వెలిసిన రంగు తిరిగి రాదు. మడత లేని చదును ఝాలరునైతే రెండు కిటికీల మధ్య ఏటా మార్చి వేస్తే వెలిసే తేడా కొట్టొచ్చినట్లు కనిపించదు. కొత్తగా కుట్టేటప్పుడు పడమటి కిటికీకి లేత రంగులు ఎంచుకోండి, వెలసినా తెలియదు.

మడతల్లో మట్టి గూళ్ళు, బల్లి గుడ్లు ఉంటున్నాయి.

దోమల జాలీ లేని కిటికీలకు ఇది తప్పదు. మట్టి గూళ్ళు కట్టే కందిరీగలకు కదలకుండా ఉండే గుడ్డ మడత చాలా ఇష్టం. ఒకసారి బాక్స్ ప్లీటు వెనక, నేను కుట్టిన కుట్టుకు సరిగ్గా సమాంతరంగా, నాలుగు మట్టి గొట్టాలు వరుసగా కట్టి ఉన్నాయి. గూడు ఎండిన తరువాతే దులపాలి, తడిగా ఉండగా రుద్దితే మరక గుడ్డలోకి ఇంకుతుంది. దులిపేముందు కందిరీగ లోపల లేదని చూసుకోండి. ఆపై మిగిలిన మన్నును పొడి బ్రష్షుతో తీసి, చల్లటి నీటిలో ఉతికితే మరక పోతుంది.